పైన తళతళ, లోపల పుచ్చు

ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి భార్య భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్ యజమానురాలితో వీడియోలో మాట్లాడాలి. భర్త చప్పుడు కాకుండా కాఫీ కలుపుకుని, తన గదిలోకి వెళ్ళి, నోరు మూసుకుని ఆఫీసు పని చేసుకోవాలి. మొదటిదానికి భార్య చాలా రోజులుగా తయారవుతోంది. రెండోదానికి ఎవరూ తయారుకాలేదు.

భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళుంటున్నది పరాయి దేశం. నైపుణ్యం ఉన్న ఉద్యోగిగా పర్మిట్ ఆయన పేరు మీద వచ్చింది. అందులో భార్య పేరు "ఆధారపడిన వ్యక్తి" అన్న గడిలో ఉంది. ఆధారపడిన వ్యక్తి ఆ దేశంలో ఉండవచ్చు, తిరగవచ్చు, కూరగాయలు బేరమాడవచ్చు. జీతానికి పని మాత్రం చేయకూడదు. ఎవరైనా పిలిచి ఉద్యోగమిచ్చి, ఆమె పేరు మీదే పర్మిట్ తెప్పిస్తే అది వేరు సంగతి. ఇన్నాళ్ళకు అలా పిలిచింది ఈ ల్యాబ్ ఆవిడ.

ఇక భర్త గురించి. సాంకేతిక వార్తలు వచ్చే ఒక సైటులో, ప్రతి వార్త కిందా ఆయన "నిర్మొహమాటం" అన్న పేరుతో అభిప్రాయాలు రాస్తుంటాడు. ఎదురుగా మనిషి ఉంటే మాత్రం ఆయనకున్నదంతా మొహమాటమే. చొక్కా బిగుతుగా కుట్టావని దర్జీకి చెప్పలేక రెండేళ్ళు ఊపిరి బిగబట్టి ఆఫీసుకు వెళ్ళిన మనిషి. మనుషుల ముందు దాచుకున్న ధైర్యమంతా తెచ్చి ఆ సైటులో ఖర్చుపెడతాడు. ఎవరు ఏ కంపెనీ కొన్నారు, ఎక్కడ ఉద్యోగాలు కోశారు, పర్మిట్ల రూల్స్ ఎలా ఉండాలి, అన్నింటి మీదా ఆయన తీర్పు ఒకటి ఉంటుంది. బ్రౌజర్ల మీదైతే అది తీర్పు కాదు, శాపం. ఇంటర్నెట్‌లోకి చూడడానికి బ్రౌజర్ ఒక కిటికీ, బయట కనిపిస్తే చాలు అని భార్య ఉద్దేశం. ఎవరి కిటికీలోంచి చూస్తున్నామన్నదే మనిషి విలువ అని భర్త ఉద్దేశం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పెళ్ళికి ముందు నుంచీ ఆమెది పళ్ళు చేసే పని. మైనంతో అచ్చు చెక్కడం, పింగాణీ పొరలు వేయడం, పక్క పంటి రంగుతో కలిసిపోయేలా కాల్చడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ల్యాబ్ వాళ్ళు రమ్మన్నారు కూడా. అప్పుడు నిర్మొహమాటం వార్తలు చదివి, వచ్చే ఏడాది రూల్ మారుస్తారని, ఆధారపడినవాళ్ళు కూడా హాయిగా పని చేసుకోవచ్చని, తొందరపడి ఈ కాగితాల తిప్పలెందుకని చెప్పాడు. ఆమె నమ్మింది. వచ్చే ఏడాది వచ్చింది. మళ్ళీ వచ్చే ఏడాది మారుస్తారని వార్త వచ్చింది. అలా ఏడాదికో వార్త చొప్పున వస్తూనే ఉంది. చెయ్యి మొద్దుబారిపోతుందని ఆమె అరిగిపోయిన సబ్బు ముక్కల్ని చిన్న కత్తితో పళ్ళలా చెక్కడం మొదలుపెట్టింది. వాళ్ళ స్నానాల గదిలో సబ్బు పెట్టెలో ఎప్పుడూ ఒక దవడ పన్ను ఉండేది. చుట్టాలు వస్తే జడుసుకునేవాళ్ళు.

ముందురోజు సాయంత్రం ఒక వార్త వచ్చింది. లోకమంతా వాడే ఆ పెద్ద బ్రౌజర్, మనుషులు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో ఇకమీదట ఇంకా దగ్గరగా గమనిస్తుందట. నిర్మొహమాటం మండిపడి, ఇంట్లో ఉన్న యంత్రాలన్నింటిలోంచీ దాన్ని తీసేశాడు, భార్య ల్యాప్‌టాప్‌తో సహా. దాని చోట ఒక పరమ పవిత్రమైన బ్రౌజర్ ఎక్కించాడు. దాన్ని వాడేవాళ్ళు ఎంత తక్కువమందంటే ఒకళ్ళ పుట్టినరోజు ఒకళ్ళకు తెలుసు. ఈ సంగతి భార్యకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని కాదు, చెప్పేంత విషయం కాదనుకున్నాడు.

పదింటికి కాస్త ముందు ఆమె ఇస్త్రీ చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని, ల్యాబ్ వాళ్ళు పంపిన లింకు నొక్కింది. ఈ బ్రౌజర్‌లో ఈ పేజీ తెరుచుకోదని వచ్చింది. ఆమె కేకకు భర్త కాఫీ కప్పుతో వచ్చాడు.

"పాతది ఏదండీ?"

"తీసేశాను."

ఎందుకు తీసేశాడో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఏం లేదు, పాతది మళ్ళీ ఎక్కిస్తే రెండు నిమిషాల్లో పోయే కష్టం. కానీ తీసి ఒక రోజైనా గడవలేదు, ఆ గడప మళ్ళీ తొక్కడమా? అంతకన్నా మంచి ఉపాయం ఉందని, కొత్త బ్రౌజర్ చేత పాత బ్రౌజర్ వేషం వేయించాడు. పేజీ మోసపోయి తెరుచుకుంది. అయితే కొత్త బ్రౌజర్‌కు కెమెరా అంటే అనుమానం, మైకు అంటే అసహ్యం. కెమెరాను బతిమాలి ఒప్పించేసరికి పది దాటింది. మైకు, స్పీకరు ససేమిరా అన్నాయి. పైగా ఆ బ్రౌజర్ మన ఇల్లు ఎవరికీ తెలియకూడదని ఊళ్ళన్నీ చుట్టి వెళుతుంది కాబట్టి, ఈ అభ్యర్థి వేరే దేశం నుంచి మాట్లాడుతోందని యజమానురాలి తెరమీద హెచ్చరిక పడింది.

యజమానురాలు అరవై దాటిన మనిషి. మందపాటి కళ్ళద్దాలు, నెరిసిన పొట్టి జుట్టు. తెరమీద ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మూగదానిలా కూర్చుంటే బాగుండదని భార్య చిరునవ్వుతో తలూపింది. ఆవిడ అడిగింది మీరు దేశం విడిచి వెళ్ళిపోయారా అని. ఆవిడ మళ్ళీ ఏదో అడిగింది. ఈసారి భార్య ఇంకా వినయంగా తలూపింది. ఆ అడిగింది, అయితే మీకు ఈ ఉద్యోగం అక్కర్లేదా అని. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

భర్త జాలిపడి ల్యాప్‌టాప్ తన వైపు లాక్కున్నాడు. ఈ మైకు జబ్బు ఇంకెవరికైనా వచ్చిందేమో చూద్దామని వార్తల సైటు తెరిచాడు. కొంప అక్కడే మునిగింది. అందరికన్నా పైన ఎవడో ఆ పెద్ద బ్రౌజర్‌ను ఆకాశానికెత్తుతూ రాశాడు. నిర్మొహమాటం వేళ్ళు ఆగలేదు. ఒక్క ముక్క రాసి వస్తానని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే యజమానురాలు, మీ మాట వినిపించడం లేదని ఇంటర్వ్యూ పేజీలో రాసింది. దాంతో ఆ పేజీ చాటు నుంచి ముందుకు దూకింది. ఆయన కళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. రాసింది రాసినట్టు భార్య పేరుతో ఆవిడ ముందుకు వెళ్ళింది:

"మీ సరుకు సంగతి అందరికీ తెలుసు. పైన తళతళ, లోపల పుచ్చు. ఆ నవ్వు చూసి మోసపోయే రోజులు పోయాయి. ఊరికే ఇచ్చినా నాకొద్దు. నేను పీకి పారేసి ప్రాణానికి హాయిగా ఉన్నాను."

యజమానురాలు కళ్ళద్దాలు సవరించుకుని చదివింది. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది. తర్వాత తెర నల్లబడింది.

భార్య వంగి ఆ ముక్కలు చదివింది.

"ఇది ఎవరి గురించి?" అని అడిగింది.

"బ్రౌజర్ గురించి."

"ఆవిడ పళ్ళు చేస్తుందండీ."

నిర్మొహమాటం మరోసారి చదువుకున్నాడు. తళతళ, పుచ్చు, నవ్వు, పీకి పారేయడం. కావాలని కూర్చుని రాసినా పళ్ళ గురించి ఇంత బాగా కుదరదు. ఇప్పుడే సరిచేస్తానని ఫోను అందుకున్నాడు. ఆమె వద్దంటూనే ఉంది. అవతల ల్యాబ్‌లో ఒక సహాయకురాలు ఎత్తింది. మనిషి గొంతు వినగానే ఈయనకు మామూలుగా వచ్చే చెమటలు పట్టాయి.

"ఆ మాటలు మా ఆవిడవి కావండి, నావి. ఆవిడకు అభిప్రాయాలే ఉండవు. మా ఇంట్లో అభిప్రాయాలన్నీ నేనే చూసుకుంటాను."

మీ ఆవిడను తన మాట తాను మాట్లాడనిస్తారా అని అడిగింది సహాయకురాలు. ఏమనాలో తోచక మర్యాద కోసం "అంతా మీ దయ" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఫోను పెట్టేసిన కాసేపటికే ల్యాబ్ నుంచి కబురు వచ్చింది. భర్త నోటితో మాట్లాడే మనిషికి పని ఇవ్వలేమని, ఆమె మంచి కోరుతున్నామని, అవసరమైతే ఆడవాళ్ళకు సాయం చేసే ఫలానా నంబరు ఉందని అందులో ఉంది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. స్నానాల గదిలోకి వెళ్ళి, అద్దం కింద అరలో వరసగా పెట్టుకున్న సబ్బు పళ్ళను చేతిరుమాలులో మూటకట్టుకుంది. చెప్పులు వేసుకుంది.

"నేను వెళ్ళొస్తాను. మీరు ఏమీ చేయకండి. సాయం కూడా చేయకండి."

ఆయన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆమె బస్ స్టాపు దగ్గర మూటను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. బస్సు వచ్చింది, వెళ్ళింది.

ఇల్లు మరీ ఖాళీగా ఉంది. మనసు మళ్ళించుకోవడానికి ఆయనకు తెలిసిన దారి ఒకటే. వార్తల సైటు తెరిచాడు. ఏదో కంపెనీ ఆ ఉదయమే సగంమందిని ఇంటికి పంపేసిందట. ముందుచూపు లేని కంపెనీలకు ఇదే గతి అని సగం వాక్యం రాసి, వార్తలో రెండో పేరా చదివాడు. అది తన కంపెనీ. టీమ్ లీడర్ పదిన్నరకే అందరినీ వీడియోలో పిలిచాడట. ఆ పిలుపు గూఢచారి ఉత్తరంలా ఉందని కొత్త బ్రౌజర్ దాన్ని పక్కన పడేసింది. ఫోను చేస్తే టీమ్ లీడర్ చాలా నొచ్చుకున్నాడు. నీ పేరు కూడా ఉంది, నువ్వు రాకపోతే ముందే తెలిసి బాధపడ్డావనుకున్నాం అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఉద్యోగం లేకపోతే పర్మిట్ రెండు నెలలకు మించి నిలవదు. ఆయన పర్మిట్ పోతే అందులో వేలాడుతున్న ఆమె కూడా కదలాల్సిందే. ఈ దేశంలో నిలవడానికి వాళ్ళిద్దరికీ ఉన్న ఒకే ఒక్క దారిని పొద్దున్నే ఆయన తన రెండు చేతులతో, పది వేళ్ళతో మూసేశాడు.

సైటు మూసేశాడు. చేతులు కడుక్కోవడానికి వెళితే సబ్బు పెట్టెలో ఒక పన్ను మిగిలి ఉంది. తొందరలో ఆమె వదిలేసినట్టుంది. తీసి చూశాడు. ఇన్నేళ్ళుగా రోజూ దానితోనే చేతులు కడుక్కున్నాడు కానీ ఎప్పుడూ చూడలేదు. మధ్యలో చిన్న లోయ, చుట్టూ నాలుగు గుబ్బలు, ఒక పక్కన కాస్త అరుగుదల. నమిలి నమిలి అరిగిన పన్ను ఎలా ఉంటుందో అలాగే ఉంది. అవతలి దేశాల కంపెనీల మీద, ముక్కూమొహం తెలియనివాళ్ళ పర్మిట్ల మీద వేల మాటలు రాశాడు. ఈ పన్ను మీద ఒక్క మాట, బాగుందని, ఎప్పుడూ అనలేదు. ఆయనకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. పన్నును తడి తగలకుండా అరమీద పెట్టి, నీళ్ళతోనే చేతులు కడుక్కున్నాడు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి ఆయన లైటు కూడా వేయకుండా కూర్చున్నాడు. ఆమె లైటు వేసి, మంచినీళ్ళు తాగి, జరిగింది చెప్పింది. మొదట లోపలికే రానివ్వలేదట. గుమ్మంలో ఉన్న బల్ల మీదే మూట విప్పి పళ్ళు పరిచిందట. యజమానురాలు బయటికి వచ్చి, ఒకటి తీసి, దీపం కింద తిప్పి చూసి, గోటితో గీకిందట.

"లోపల ఏముంది అంది. లోపలా సబ్బేనండీ అన్నాను. అప్పుడు నవ్వింది."

పొద్దున రాసిన ఆ ముక్కలు బ్రౌజర్ గురించని చెబితే, ఒక కిటికీ మీద ఇంత కోపమేమిటని ఆవిడ ఆశ్చర్యపోయిందట. తర్వాత మైనం ఇచ్చి చెక్కమంది. ఉద్యోగం ఇచ్చింది, పర్మిట్ కాగితాలు తనే చూస్తానంది. అయితే ఆమె మొహంలో ఆయన అనుకున్నంత సంతోషం లేదు.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళ వరసలో వేసింది. పనితనం ఉంది, చెయ్యి నెమ్మదించింది అంది. నిజమే. పక్కనున్న చిన్నపిల్ల నాకన్నా ముందు పూర్తిచేసింది." తన వేళ్ళను చూసుకుంది. "నాలుగైదేళ్ళ ముందు రావాల్సింది అంది."

రావాల్సిన రోజున వద్దన్నది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆయన తప్పు నాదే అన్నాడు. ఆమె కాదనలేదు. కాసేపటికి ఆయన తన ఉద్యోగం సంగతి చెప్పాడు. ఆమె కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నా పర్మిట్ వస్తే అందులో మిమ్మల్ని చేర్చొచ్చట."

"చేరిస్తే నేను ఇక్కడ పని చేయకూడదు."

"పోనీలెండి," అంది ఆమె. "వచ్చే ఏడాది రూల్ మారుస్తారట."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన ఆమె మొహంలోకి చూశాడు. లేదు. అలసట మాత్రమే ఉంది. ఎత్తిపొడిచి ఉంటే ఆయనకు కాస్త తేలిగ్గా ఉండేది.

భోజనాలయ్యాక ఇద్దరూ కలిసి పర్మిట్ అప్లికేషన్‌లో తాము నింపాల్సిన పేజీ తెరిచారు. లోకమంతా వాడే ఆ పెద్ద బ్రౌజర్‌లో తప్ప ఇది తెరుచుకోదని పైన ఎర్రక్షరాలతో ఉంది. నిర్మొహమాటం దాన్ని తెచ్చి మళ్ళీ ఎక్కించి, ఆధారపడిన వ్యక్తి అన్న గడిలో తన పేరు రాసుకున్నాడు.

కింద "మీ అభిప్రాయం" అని ఒక గడి ఉంది, దాన్ని ఖాళీగా వదిలేశాడు.