మొదటి బంతి

ఆ రోజు పదకొండింటికి బందరులోని రొయ్యల మేత షాపులో ఇంటర్నెట్ ఫోను మోగాలి. యజమాని శోభనాద్రి పొద్దున్నే వేసుకున్న ప్లాను అంతే. మద్రాసు నుంచి మేత కంపెనీ మేనేజరు సుందరరాజు ఆ ఫోన్లో శోభనాద్రికి ఉన్న బందరు, గుడివాడ, అవనిగడ్డ షాపులు మూడింటితో ఒకేసారి మాట్లాడతాడు. మాట సాఫీగా సాగితే దివిసీమ నుంచి బంటుమిల్లి దాకా ఏజెన్సీ శోభనాద్రిదే. సాగకపోతే గూడూరులో ఉన్న పోటీ షాపుకి పోతుంది.

ఏర్పాట్లు చూడటానికి విజయవాడ నుంచి బిందు అనే ఇంజనీరు వచ్చింది. మూడు షాపుల నెట్టూ బందరులో ఉన్న ఒక్క పెట్టెలోంచే వెళ్తుంది కాబట్టి, ఏది ముందు పంపాలో ఏది తర్వాత పంపాలో దానికి వరస చెప్పాలంది. శోభనాద్రి బుర్ర గోక్కున్నాడు.

"పెళ్ళి భోజనాలనుకోండి," అంది బిందు. "ఫోను మాటలు మొదటి బంతి. కంప్యూటర్ల పనులు రెండో బంతి. మాట ఆగితే తెగిపోతుంది. బిల్లు ఓ నిమిషం ఆగితే కొంపలేం మునగవు."

శోభనాద్రికి అది తెగ నచ్చింది. వెంటనే నెట్టుతో పనిలేని పాత ఫోను తీసి, గుడివాడ షాపు చూసుకునే తన అక్కగారి భర్త నరసింహారావుకి చెప్పాడు. "బావగారూ, ఇవాళ మీ కంప్యూటరు రెండో బంతి."

శోభనాద్రి పెళ్ళిలో ఎవరో పొరపాటున ఆయన్ని రెండో బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి గుత్తివంకాయ అయిపోయింది. ఆ వంకాయని ఆయన ఇంకా మరిచిపోలేదు.

"మళ్ళీనా శోభనాద్రీ?" అన్నారు బావగారు. "సరేలే, మాకు అలవాటేగా."

బావగారు అలిగితే గుడివాడ షాపే పలకదు. "అమ్మాయ్, మా బావగారి కంప్యూటర్ని మొదటి బంతిలో వేసెయ్యి," అన్నాడు శోభనాద్రి. ఆయన పొద్దున్నపూట దాంట్లో నాటకాల పద్యాలు దించుకుంటారని బిందుకి ఎవరూ చెప్పలేదు.

ఈ సంగతి మేడమీద శోభనాద్రి భార్య మాణిక్యమ్మ చెవిన పడింది. అవనిగడ్డ షాపు చూసుకునేది ఆవిడ తమ్ముడు ఈశ్వరప్రసాద్.

"మీ వాళ్ళకి మొదటి బంతి, మా వాడికి ఎంగిలాకులా?" అంటూ మెట్లు దిగింది.

"ఏంటే ఆ మాటలు? వాణ్ణీ వేయిస్తాలే."

ఈశ్వరప్రసాద్ క్రికెట్ వీడియోలతో సహా మొదటి బంతిలో చేరాడు. "మరి మేడమీద కంప్యూటరో?" అంది మాణిక్యమ్మ. అదీ చేరింది. అంతలో గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. అతని కంప్యూటర్నీ చేర్చారు.

"అందరూ మొదటి బంతే అయితే ఇంక వరసెందుకండీ?" అని బిందు తల పట్టుకుంది.

పదకొండింటికి ఫోను మోగింది. పద్యాలూ క్రికెట్టూ దారి ఇవ్వకపోవడంతో సుందరరాజు గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. పది నిమిషాల్లో మళ్ళీ చేస్తాననీ, అదే ఆఖరనీ ఆయన నాలుగుసార్లు చెప్పాక అర్థమైంది.

శోభనాద్రి పాత ఫోను అందుకున్నాడు.

"బావగారూ, ఆ కంప్యూటరు కాసేపు కట్టెయ్యండి."

"ముందు మీ బావమరిదిని లెమ్మను."

అవనిగడ్డకి చేస్తే ఈశ్వరప్రసాద్, "గుడివాడ అన్నయ్యగారు లేవకుండా నేను లేస్తే మర్యాదేనా బావా?" అన్నాడు.

శోభనాద్రి కుర్చీలో కూలబడ్డాడు. అతని మొహం చూసి మాణిక్యమ్మకి జాలేసింది. ఫోను లాక్కుని గుడివాడకి కలిపింది.

"అన్నయ్యగారూ, ఆ మద్రాసాయన చుట్టం. చుట్టాలదే మొదటి బంతి. మీరు ఇంటి పెద్ద. దగ్గరుండి వడ్డన చూసుకుని ఆఖరి బంతిలో కూర్చోవాల్సినవారు. మీరే ముందు కూర్చుంటే ఏం బావుంటుంది చెప్పండి?"

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా," అని బావగారు సంతోషంగా కంప్యూటరు కట్టేశారు. అది విని ఈశ్వరప్రసాదూ కట్టేశాడు. బిందు గబగబా వరస సరిచేసింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి సుందరరాజు గొంతు పక్కగదిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. "ముగ్గురూ ఉన్నారా? ఎవరు మొదలుపెడతారు?"

ఎవరూ పలకలేదు. బావగారు ఇంటి పెద్ద కాబట్టి ఆఖరున మాట్లాడాలి. ఆయన కంటే ముందు నోరు తెరవడం ఈశ్వరప్రసాద్‌కి మర్యాద కాదు. తను పలికితే ఎవరు అలుగుతారోనని శోభనాద్రి భయం. అవనిగడ్డలో ఫ్యాను తిరిగే చప్పుడు బందరులో వినిపిస్తోంది.

"లైను బ్రహ్మాండంగా ఉందండీ," అన్నాడు సుందరరాజు, చెప్పాల్సిందంతా తనే చెప్పేశాక. "గూడూరువాళ్ళు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. మీ దగ్గర క్రమశిక్షణ కనిపిస్తోంది. సాయంత్రం ఏ సంగతీ చెప్తాను."

సాయంత్రం ఏజెన్సీ ఖాయమైందని కబురొచ్చింది. శోభనాద్రి పొంగిపోయి, అందరికంటే ముందు గుడివాడకే ఫోన్ చేశాడు.

"అందరికీ చెప్పేశాక ఆఖరున చెయ్యి," అని బావగారు ఫోను పెట్టేశారు.