ఒక్క మేకు కూడా మార్చని లారీ

"వందేళ్ళు దాటిన లారీలను వెతికి పట్టుకుని, వాటికి పూర్వవైభవం తెచ్చేదాకా ఈ ప్రభుత్వం కునుకు తీయదు" అని రవాణా మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండున్నరకు ప్రకటించారు. ప్రకటన అయ్యాక కారెక్కి, ఇంటికి చేరేలోపు ఒక చిన్న కునుకు తీశారు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ప్రభుత్వం వేరు, మంత్రిగారు వేరు.

ఆ మాట రేడియోలో విని, ప్రభుత్వ మరమ్మతు షెడ్డులో మేస్త్రీ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతను ఆ షెడ్డులోనే పని చేస్తున్నాడు. వెనక మూల, విరిగిన బస్సు సీట్ల పక్కన, సరిగ్గా అలాంటి లారీ ఒకటి ఉంది. అది లారీ అన్న సంగతి అతనికొక్కడికే తెలుసు. మిగతావాళ్ళు దాని మీద తడిగుడ్డలు ఆరేసుకునేవారు.

చేరిన కొత్తలో ఒకనాడు మేస్త్రీ దాని ఛాసీని కిరసనాయిలు గుడ్డతో గంటసేపు తుడిచి, సుద్దముక్కతో అడ్డంగా రుద్దాడు. ఇనుములోంచి మూడంకెలు తేలాయి. ఇప్పటి బండ్ల నంబరు చదవాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. మూడే అంకెలున్నాయంటే, కంపెనీ పుట్టిన ఏడో, ఆ మరుసటి ఏడో ఈ బండి పుట్టిందన్నమాట. వెనక చక్రాలను గొలుసు తిప్పుతుంది. చక్రాలకు చెక్క ఆకులు, వాటి చుట్టూ గట్టి రబ్బరు. ముందు ఇత్తడి రేడియేటరు. కార్బైడు దీపాలు. కప్పు లేదు, అద్దం లేదు. నడిపేవాడు వానకు తడవాలి, ఎండకు ఎండాలి, దారిన పోయేవాళ్ళ తిట్లు సూటిగా వినాలి.

ఏటా తుక్కు జాబితా రాయడానికి ఆఫీసు నుంచి గుమాస్తా వచ్చేవాడు. ముందురోజే మేస్త్రీ ఆ లారీకి "పనిలో ఉంది" అన్న అట్ట తగిలించేవాడు. పనిలో ఉన్న బండిని తుక్కులో రాయకూడదు. అలా ముప్ఫై ఏళ్ళు అది ఒక్క సెలవు కూడా పెట్టకుండా పనిలో ఉంది. ఆ శాఖలో అంత నికరంగా పనిలో ఉన్న శాల్తీ ఇంకొకటి లేదు. ఈ ఏడు కొత్తగా వచ్చిన ఇంజనీరుగారు ఆ అట్ట పీకేశారు. నెలాఖరుకు కట్టింగు మిషను వస్తుందని చెప్పారు.

అందుకని మేస్త్రీ ఆ మధ్యాహ్నమే మంత్రిగారికి అర్జీ రాశాడు. మూడంకెలూ రాసి, కింద గీత కూడా గీశాడు.

ఇంట్లో ఉండేది అతనూ, అతని అక్కా. సంగతి విని అక్క చేట పక్కన పెట్టింది.

"తొందరపడ్డావురా తమ్ముడూ. మిషను చేతిలో పెడితే ఒక్క పూటలో ప్రాణం పోయేది. మంత్రి చేతిలో పెట్టావు."

"ఆయన కాపాడతానన్నాడక్కా."

"నేననేదీ అదే."

మూడో రోజే మంత్రిగారు షెడ్డుకు వచ్చారు. ఒక అర్జీకి ఒక మంత్రి మూడు రోజుల్లో కదలడం చరిత్రలో ఇదే మొదటిసారి. ఎన్నికలు నాలుగు నెలల్లో ఉండటం మాత్రం మొదటిసారి కాదు.

మంత్రిగారు లారీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముందు టైరును బూటుతో తన్ని చూశారు.

"దీంట్లో గాలి లేదేమయ్యా?"

"ఇది గట్టి రబ్బరు సార్. గాలి పట్టేది కాదు."

"నా శాఖలో గాలి లేని టైరా? రేపు ప్రతిపక్షం వాళ్ళు ఏమంటారు?" ఆయన ఇంజనీరుగారి వైపు తిరిగారు. "రాసుకోండి. టైర్లు." తర్వాత వంగి చూశారు. "ఈ గొలుసేమిటి? సైకిలా ఇది?"

"అప్పట్లో లారీలకు అంతే సార్. అదే దీని గొప్ప" అన్నాడు మేస్త్రీ.

"గొలుసులు తెంచడానికే మా పార్టీ పుట్టింది. రాసుకోండి."

ఇంజనీరుగారు రాసుకున్నారు. ఆయన చేతిరాత చాలా బావుంటుంది.

ఆ వారమే ఆరుగురితో పునరుద్ధరణ సంఘం ఏర్పడింది. అందులో ఐదుగురు లారీని రోడ్డు పక్కన నిలబడి చూసినవాళ్ళే గాని, ఎక్కిన పాపాన పోలేదు. ఆరోవాడు మంత్రిగారి బావమరిది. ఆయన ఒకసారి లారీకి అడ్డం పడ్డాడు, కాబట్టి అనుభవం ఉన్నట్టే. సంఘం ప్రతి బుధవారం కూర్చునేది. కూర్చున్నప్పుడల్లా లారీలోంచి ఒక భాగం లేచి బయటికి వచ్చేది.

మొదటి బుధవారం చెక్క చక్రాలు పోయి, తళతళలాడే కొత్త చక్రాలు వచ్చాయి. రెండో బుధవారం ఇత్తడి రేడియేటరు పోయింది. అందులో మొహం చూసుకుంటే లావుగా కనిపిస్తోందని బావమరిది అభిప్రాయపడ్డాడు. మూడో బుధవారం ఇంజను వంతు.

"దీన్ని హ్యాండిలు తిప్పి స్టార్టు చేయాలట. మంత్రిగారు జనం ముందు వంగి హ్యాండిలు తిప్పుతారా?" అన్నారు ఇంజనీరుగారు.

"నేను తిప్పుతాను సార్" అన్నాడు మేస్త్రీ.

"అప్పుడు ఫొటోలో ఎవరు పడతారు?"

కొత్త ఇంజను వచ్చింది. దాని బరువును పాత ఛాసీ మోయలేదని తేలింది. దాంతో ఛాసీ కూడా కొత్తదే వచ్చింది.

"సార్, నంబరున్నది ఆ ఛాసీ మీదే" అన్నాడు మేస్త్రీ. "అది పోతే ఇది ఏ లారీయో చెప్పడానికి ఆధారమే ఉండదు."

"కొత్తదాని మీద కొట్టిద్దామయ్యా. ఇంకా నీటుగా పడతాయి. మూడంకెలే కదా. మంత్రిగారికి తొమ్మిది కలిసొస్తుంది. మూడూ తొమ్మిదులే వేయిద్దాం."

మేస్త్రీ అభ్యంతరం చెప్పిన ప్రతిసారీ ఇంజనీరుగారు కలం ఆపకుండా రాసుకునేవారు. ఒకరోజు ఆ కాగితం చేతికిస్తే చదివాడు. ప్రతి అంశం కిందా "మేస్త్రీ హర్షం వెలిబుచ్చారు" అని ఉంది.

"నేను వెలిబుచ్చింది హర్షం కాదు సార్."

"ఫారం అలా అచ్చయిందయ్యా. నేనేం చేయను?"

ఆ సాయంత్రం మేస్త్రీ అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కలిపిందే మళ్ళీ కలుపుతున్నాడు.

"ఇంకేం మిగిలిందిరా?" అడిగింది అక్క.

"హారను. అదీ రేపు పోతుంది. ప్రతిపక్ష నాయకుడు దగ్గినట్టుందట."

"పీకినవన్నీ ఏం చేస్తున్నారు?"

"పనికిరావని ఇంజనీరుగారు సంతకం పెడతారు. షెడ్డు వెనక పడేస్తారు."

"అన్నీ అక్కడే ఉన్నాయా?"

"ఎవడికి కావాలక్కా అవి? అన్నీ అక్కడే ఉన్నాయి."

అక్క కంచంలో మజ్జిగ పోసింది. "మరి ఏడుపెందుకు? వాళ్ళు ముందు విప్పుతున్నారు. నువ్వు వెనక బిగించుకో."

మేస్త్రీ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి పని అయిపోయాక గంటసేపు అతను షెడ్డు వెనక కనిపించేవాడు. ఛాసీని దిమ్మల మీదికి ఎత్తాడు. చక్రాల ఆకులకు నూనె పట్టించాడు. గొలుసును డబ్బాలో నానబెట్టి, లింకు లింకుకూ తుప్పు వదిలించాడు. బిగుసుకుపోయిన పిస్టన్లు కదలడానికి పదకొండు రోజులు పట్టింది. అక్క ఆదివారాలు వచ్చి, రేడియేటరును బూడిదతో తోమేది. తన పెళ్ళిలో వచ్చిన బిందెను కూడా అంత శ్రద్ధగా తోమలేదని చెప్పింది. పనికిరాని సామాను చిందరవందరగా పడి ఉండకుండా మేస్త్రీ ఒక వరసలో సర్దుతున్నందుకు ఇంజనీరుగారు మెచ్చుకున్నారు. అన్నీ బిగించాడు గాని, ఇంజనును మాత్రం ఒక్కసారి కూడా స్టార్టు చేయలేదు. చప్పుడైతే నలుగురూ వస్తారు. నలుగురూ వస్తే బుధవారం వస్తుంది.

ప్రారంభోత్సవం నాడు షెడ్డు ముందు షామియానా వేశారు. కొత్త లారీ మీద కప్పిన గుడ్డను మంత్రిగారు లాగారు. మీట నొక్కగానే ఇంజను పిల్లిలా గుర్రుమంది. మెత్తటి సీటు మీద కూర్చుని, చల్లగాలి తగులుతుండగా, మంత్రిగారు దాన్ని పది గజాలు నడిపి మైకు అందుకున్నారు.

"నూరేళ్ళ కిందట ఈ లారీ ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. ఒక్క మేకు కూడా మార్చలేదు. మార్చనివ్వలేదు."

పత్రికలవాళ్ళు రాసుకున్నారు. అక్క కూడా వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. అందరూ కొడుతుంటే కొట్టకపోవడం మర్యాద కాదు.

సభ అయ్యాక మంత్రిగారు చేతులు కడుక్కోవాలన్నారు. కుళాయి ఉన్నది షెడ్డు వెనక. ఇంజనీరుగారు దారి చూపించారు, మేస్త్రీ తువ్వాలు పట్టుకుని వెంట నడిచాడు. మూల తిరగగానే మంత్రిగారు ఆగిపోయారు.

ఎండలో ఇత్తడి వెలుగుతోంది.

"అబ్బ, ఎంత బావుందయ్యా" అన్నారాయన మెల్లగా. లారీ చుట్టూ నడిచారు. టైరును బూటుతో తన్నారు. "దీంట్లోనూ గాలి లేదు. ఇంజనీరుగారూ, ఇది రెండోది. సంఘాన్ని బుధవారం కూర్చోబెట్టండి."

ఇంజనీరుగారు జేబులోంచి కలం తీశారు.

మేస్త్రీ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఏ మాట ఎవరినీ అననివ్వలేదో, ఆ మాట తన నోటితోనే అన్నాడు.

"ఇది లారీ కాదు సార్. తుక్కు."

"తుక్కేమిటి? దీపాలున్నాయి, చక్రాలున్నాయి."

"మీ లారీలోంచి పీకినవే సార్ అన్నీ. మేకులతో సహా. పనికిరావని ఒక్కోదానికీ ఇంజనీరుగారు సంతకం పెట్టారు."

షామియానా వైపు నుంచి పత్రికలవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. మంత్రిగారు ఇంజనీరుగారిని చూశారు. ఇంజనీరుగారు కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశారు.

"తుక్కే సార్. అచ్చమైన తుక్కు" అన్నారాయన.

"మరి ఇంకా ఇక్కడెందుకుంది?" మంత్రిగారి గొంతు తగ్గింది. "గంటలో గేటు దాటాలి. మళ్ళీ నా కంట పడకూడదు. ఎక్కడికి పోతుందో కూడా నాకు చెప్పొద్దు."

"కాగితం రాసిస్తే తీసేస్తాను సార్" అన్నాడు మేస్త్రీ.

ఇంజనీరుగారు గోడకు ఆనించి అక్కడికక్కడే రాసిచ్చారు. ముందే చెప్పినట్టు, చేతిరాత చాలా బావుంటుంది.

జనం చెదిరాక మేస్త్రీ పెట్రోలు పోశాడు. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని సీటెక్కింది. అతను హ్యాండిలు తిప్పాడు. ఏమీ కాలేదు. రెండోసారి తిప్పాడు. లోపల ఏదో నిట్టూర్చింది.

"ఊపిరి తీసుకుని తిప్పరా" అంది అక్క. "దానికేం తొందర లేదు."

మూడోసారికి లారీ ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, ఒళ్ళంతా ఊగుతూ అందుకుంది. కొత్త లారీ మీద వాలిన కాకులు లేచిపోయాయి. మేస్త్రీ కళ్ళు తుడుచుకున్నాడు. పొగ చాలా ఎక్కువగా ఉంది.

గేటు దగ్గర కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు. కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"తుక్కు ఒకటి అని రాశారు. ఏదీ తుక్కు?"

"ఇదే" అన్నాడు మేస్త్రీ.

"మరి దీన్ని తీసుకుపోయే బండేది?"

"ఇదే."

కాపలాదారు లారీ వైపు చూశాడు, సీటు మీద నిటారుగా కూర్చున్న అక్క వైపు చూశాడు. తర్వాత గదిలోకి వెళ్ళి పుస్తకం తెరిచాడు. "సరుకు" అన్న చోట "తుక్కు, ఒకటి" అని రాశాడు. "తీసుకెళ్ళిన బండి" అన్న చోట కాసేపు ఆలోచించి "అదే" అని రాసి, గేటు తెరిచాడు.