పారేసినట్టు ధ్రువపత్రం

పాత వస్తువులతో కొత్త వస్తువులు తయారు చేసే పరిశ్రమలను ప్రోత్సహించాలని ప్రభుత్వం నిర్ణయించినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ సంగతిని మదనపల్లెలోని ఒక కల్యాణ మంటపంలో, ఇరవై అడుగుల కొత్త ఫ్లెక్సీ కింద, మూడు వందల కొత్త ప్లాస్టిక్ కుర్చీల్లో మమ్మల్ని కూర్చోబెట్టి, మనిషికో నీళ్ల సీసా చేతికిచ్చి మరీ చెప్పారు. ఫ్లెక్సీ మీద తేదీ వేశారు కాబట్టి అది మర్నాటికి పనికిరాదు. స్థానిక పత్రిక విలేకరిని కనక నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి రెండు సీసాలిచ్చారు.

పునర్వినియోగ ప్రోత్సాహక విభాగం సంయుక్త సంచాలకులు సుదర్శన్ గారు గంటా పది నిమిషాలు ప్రసంగించారు. పాత సామాన్లను ఎలా వాడుకోవాలో నేర్చుకోవడానికి ఆయన పన్నెండు రోజులు విదేశాల్లో కష్టపడి వచ్చారు.

"పునర్జన్మను నమ్మే దేశం మనది. అలాంటి దేశంలో ఒక ప్లాస్టిక్ బకెట్టుకు ఒకటే జన్మ అంటే ప్రపంచం నవ్వుతుంది. ఈ విషయంలో మన గ్రామీణులకు ఓనమాలు కూడా తెలియవు. దిద్దించడానికే మేము వచ్చాం" అన్నారు. ఓనమాలు తెలియని మేమందరం చప్పట్లు కొట్టాం.

ఆఖరి వరుసలో కొట్టినవాళ్లలో గంగులప్ప ఒకడు. పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో అతనికో రేకుల షెడ్డు ఉంది. అందులో ప్లాస్టిక్కును ముక్కలు చేసే మిషను ఒకటి, కరిగించే మిషను ఒకటి, ఒక అచ్చు, నలుగురు పనివాళ్లు. టమోటా రైతుల దగ్గర విరిగిన క్రేట్లు తీసుకుని, వాటిని కరిగించి మళ్లీ క్రేట్లు పోయడం పందొమ్మిదేళ్లుగా అతని పని. నాలుగు విరిగినవి ఇస్తే ఒకటి మంచిది ఇస్తాడు. ఎరుపు, నీలం, పసుపు అన్నీ కలిసి కరిగేసరికి అదో బురద రంగు వస్తుంది. మదనపల్లె మార్కెట్ యార్డులో ఆ రంగు క్రేటు ఎక్కడ కనబడినా 'గంగులప్ప పెట్టె' అంటారు. లారీ మీది నుంచి పడేసినా విరగదని దానికి పేరు. ఎప్పుడైనా విరిగితే తిరిగి అతని దగ్గరికే చేరుతుంది.

సభ ముగిశాక అతను నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"సూస్తివా సారూ, నేను సేసే పనినే అందురూ సెయ్యాలని గవర్మెంటోళ్లు సెప్తాండారు. ఇన్నాళ్లకు మనమూ ఒకరి కంట్లో పడినాము" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. నాకూ సంతోషమేసింది. ఆ రోజు మా ఇద్దరికీ కొంచెం తెలివి తక్కువైంది.

మన దగ్గర ప్రోత్సాహం ఎప్పుడూ ఒంటరిగా రాదని మీకు తెలియనిది కాదు. వెనకాలే గడువు, దాని వెనక శిక్ష వస్తాయి. ప్లాస్టిక్ సామాను తయారు చేసే ప్రతి ఒక్కరూ తాము పాత సరుకు వాడుతున్నట్టు మూడు నెలల్లో ధ్రువపత్రం తెచ్చుకోవాలి, తేకపోతే షెడ్డుకు కరెంటు తీసేస్తారు. గంగులప్ప భయపడలేదు. చేపకు ఈత పరీక్ష పెడతామంటే అది ఎందుకు భయపడుతుంది?

అతని కూతురు పల్లవి ఫోనులోనే దరఖాస్తు నింపింది. పాత సరుకు ఎంత శాతం అని అడిగిన చోట నూరు అని కొట్టింది. ఎర్ర అక్షరాలు వచ్చాయి. ముప్పైకి మించరాదట. ప్రభుత్వ లక్ష్యమే ముప్పై శాతం, దాన్ని దాటినవాడు ఒకడు ఉంటాడని ఫారం రాసినవాళ్లకు తోచలేదు. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే వాళ్లు చాలా మర్యాదగా, మిగతా డెబ్బై శాతం కొత్త ప్లాస్టిక్ కొని కలపమని సలహా ఇచ్చారు. గంగులప్ప కొనలేదు, ముప్పై అని మాత్రం వేయించాడు. చేసే మంచిని దాచిపెట్టడానికి అబద్ధం చెప్పిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

అసలు చిక్కు రెండో పేజీలో ఉంది. వ్యర్థం అనగా, సదరు వస్తువు తనకు పనికిరాదని యజమాని పారవేసినట్టు రుజువైనది అని అక్కడ రాసి ఉంది. గంగులప్పకు వచ్చే క్రేట్లను ఎవరూ పారేయరు, తెచ్చి ఇస్తారు. ఇచ్చింది సరుకవుతుంది గాని వ్యర్థం కాదు. కాబట్టి 'పనికిరాదని పారేశాను' అని రైతులు రాసివ్వాలి.

అతను ముందు చౌడేపల్లె దగ్గర రెడ్డెమ్మ ఇంటికి పోయాడు. ఆమెకు రెండెకరాల టమోటా, నాలుగు పాడి ఆవులు, ఊళ్లో మాట చెల్లుబాటు ఉన్నాయి. కాగితం చదివించుకుని ఆమె మొహం మాడ్చుకుంది.

"నేనెప్పుడు పారేస్తినప్పా? నీ సేతికి ఇస్తిని గదా. పనికొచ్చేదాన్ని పారేసినానని నా సేత్తో రాసిస్తే ఇంట్లో లచ్చిమి నిలస్తాదా? నీకు కావాలంటే ఇంకో నాలుగు పెట్టెలు తీసకపో. ఆ మాట మాత్రం నేను రాయను" అంది.

ఊరంతా ఆ మాటే అన్నది. ఇదిలా ఉండగా, చౌడేపల్లె, సదుం మండలాల్లో వ్యర్థాల సర్వే జరిగింది. సర్వే చేసినవాళ్లకు పారేసిన వస్తువు అరుదుగా కనబడింది. విరిగిన క్రేటు కింద కోడి పొదుగుతోంది. చిరిగిన చీర బొంతయింది. లారీ టైరులో ఆవులు నీళ్లు తాగుతున్నాయి. ఈ ప్రాంతంలో వ్యర్థాలు పారేయడం లేదు కాబట్టి పునర్వినియోగంలో ఇది బాగా వెనకబడి ఉందని నివేదిక తేల్చింది. వెంటనే వెనకబాటుతనం పోగొట్టడానికి 'పారవేత అవగాహన సదస్సు' పెట్టారు.

సదస్సుకు తనిఖీ అధికారిణి సుధారాణి గారు వచ్చారు. ఒక చేత్తో క్రేటును పైకెత్తి, పారేయడం ఎలాగో మూడుసార్లు చేసి చూపించారు. మూడుసార్లూ ముందు వరుసలోని ఆడవాళ్లు లేచిపోయి దాన్ని తీసుకొచ్చి, దుమ్ము తుడిచి ఆమె చేతికే ఇచ్చారు. మేడమ్ చెయ్యి జారిందనుకున్నారు పాపం.

"ఇది విరిగిపోయింది కదమ్మా, ఇంక మీకెందుకు?" అని సుధారాణి గారు ఓపిగ్గా అడిగారు.

"ఇరిగితే గంగులప్పకిస్తామమ్మా. ఆయప్ప ఇంకోటి ఇస్తాడు. మద్దెలో దీన్ని పారేసేది యాల? అదేం తప్పు సేసింది?" అంది రెడ్డెమ్మ.

ఈ ప్రశ్నకు ఇవ్వవలసిన జవాబు శిక్షణ పుస్తకంలో లేదు.

గడువు ఇంకా వారం ఉందనగా గంగులప్ప ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక దయ సంపాదించాడు. సంతకాలు లేకపోయినా ఫర్వాలేదు, విరిగిన క్రేట్లను ఒకచోట పోగేస్తే సుధారాణి గారు స్వయంగా చూసి వ్యర్థమని రాస్తారు. అతను రెడ్డెమ్మకు చెప్పాడు, రెడ్డెమ్మ ఊరికి చెప్పింది. బుధవారం పొద్దున ఆమె కళ్లం దగ్గర పోగేయాలని మాట అయింది. పందొమ్మిదేళ్ల షెడ్డు బతుకు ఆ కుప్ప మీద ఆధారపడి ఉందని ఊరందరికీ తెలుసు. అదే కొంపముంచింది.

గంగులప్ప కోసం ఆఫీసర్లు కార్లో వస్తున్నారు. మన పెట్టెలు చూస్తారు. మట్టి కొట్టుకున్న విరుగుళ్లు చూపిస్తే ఆయన పరువేం కావాలి, ఊరి పరువేం కావాలి అనుకుంది ఊరు. మంగళవారమంతా ఆడవాళ్లు బోరు దగ్గర క్రేట్లు తోమారు. మగవాళ్లు కట్టుతీగతో పగుళ్లన్నీ కుట్టారు. ఊడిన అడుగులకు వెదురు చీలికలు అల్లారు. ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. బుధవారం పొద్దున నేనూ గంగులప్పా పోయేసరికి మూడు వందల పన్నెండు క్రేట్లు వరస కట్టి, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ఉన్నాయి. గంగులప్ప వరసల వెంట నడుస్తూ విరిగింది ఒక్కటైనా ఉందా అని వెతికాడు. రెడ్డెమ్మ మాత్రం అతని వైపు చూసి, ఎట్లా చేశామో చూడు అన్నట్టు నవ్వింది.

సుధారాణి గారు ఒక క్రేటు తిప్పి చూశారు. "వ్యర్థాలెక్కడ? ఇవి బాగానే ఉన్నాయి కదా?" అన్నారు.

"శానా బాగుండాయమ్మా. కాయలు పోసి సూడండి, ఒకటి జారితే ఒట్టు" అంది రెడ్డెమ్మ.

పోసి చూశారు. ముప్పై కిలోలు నిలిచాయి. ఒక్క కాయ జారలేదు.

"మేడమ్, ఈళ్లు నా మీద అబిమానంతో కుట్టినారు. ఇప్పుడే మీ కండ్ల ముందర ఇరగ్గొట్టి సూపిస్తాను" అని గంగులప్ప రాయి అందుకున్నాడు.

"కావాలని విరగ్గొట్టినవి చెల్లవండీ. అది మోసం కింద వస్తుంది" అన్నారామె. ఆమె చెడ్డ మనిషి కాదు. బాధపడుతూనే, 'వాడుకలో ఉన్న వస్తువులు' అని రాసి సంతకం పెట్టారు. రెడ్డెమ్మకు జరిగిందేమిటో అప్పటికి అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కోళ్ల గూడు దగ్గరికి పోయి నిలబడింది. గంగులప్ప చేతిలోని రాయి కింద పెట్టేశాడు. నాకు వాళ్లిద్దరి మొహాలూ చూడాలంటే సిగ్గేసింది.

తరవాతి బుధవారం షెడ్డుకు కరెంటు తీసేశారు.

అంతా నిరాశే అనుకోకండి. కుప్పంలో కుప్పుస్వామి గారి కొత్త ఫ్యాక్టరీ పథకాన్ని అక్షరాలా అమలు చేసింది. అక్కడ పొద్దున షిఫ్టులో కొత్త ప్లాస్టిక్కుతో క్రేట్లు పోస్తారు. మధ్యాహ్నం షిఫ్టులో వాటిలో ముప్పై శాతం సుత్తులతో విరగ్గొడతారు. గేటు లోపల విరిగితే అది ఉత్పత్తి లోపం, మోసం కాదు. ఆ ముక్కలను కెమెరా ముందు గోడ మీదుగా బయటికి పారేస్తారు. 'మాకు పనికిరాదు' అని మేనేజరు సంతకం పెడతాడు. గేటులోంచి లోపలికి తెచ్చి కరిగిస్తారు. మొదటి నెలలోనే ధ్రువపత్రం వచ్చింది. విరగ్గొట్టడానికి మనుషులు చాలక అనుభవజ్ఞులు కావాలని బోర్డు పెట్టారు.

విరిగిన క్రేట్లతో పందొమ్మిదేళ్ల అనుభవం గంగులప్పకు తప్ప ఈ చుట్టుపక్కల ఎవరికుంది? నీలం చొక్కా, సుత్తి ఇచ్చారు. మొదటి రోజు కొత్త క్రేటు ముందు చాలాసేపు ఊరికే నిలబడ్డాడట.

ఆరు నెలల తరవాత కుప్పంలో బహుమతుల సభ జరిగింది. వెనకటి కంటే పెద్ద ఫ్లెక్సీ కట్టి, ముందు వరుసలో నాకు మళ్లీ రెండు సీసాలిచ్చారు. ఉత్తమ పునర్వినియోగ పరిశ్రమ బహుమతి కుప్పుస్వామి గారికి ఇచ్చారు. ఉత్తమ పారవేత గ్రామం బహుమతికి రెడ్డెమ్మ ఊరు ఎన్నికైంది. గంగులప్ప షెడ్డు మూతపడ్డాక విరిగిన క్రేట్లు తీసుకునే దిక్కు లేదు. కోళ్ల గూళ్లకు ఎన్నని వాడతారు? మొదట కళ్లాల్లో పేరుకున్నాయి, తరవాత వాగులోకి చేరాయి. రెండో సర్వేలో పుష్కలంగా వ్యర్థాలు దొరికాయి.

"ఆరు నెలల కిందట ఈ ఊరికి పారేయడమే చేతకాదు. ఈరోజు చూడండి, వాగు కనబడటం లేదు. అవగాహన అంటే ఇదీ" అని సుదర్శన్ గారు గర్వంగా చెప్పారు.

ఊరి తరఫున రెడ్డెమ్మను వేదిక మీదికి పిలిచి, మెరిసే కొత్త ప్లాస్టిక్కుతో చేసిన చిన్న క్రేటు బొమ్మ చేతికిచ్చారు. ఫోటో అయ్యేదాకా ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మైకు దగ్గరగా ఉండటంతో ఆమె అడిగింది అందరికీ వినబడింది.

"ఇది ఇరిగితే ఎవురికియ్యాల సామీ?"

సుదర్శన్ గారు నవ్వారు. కార్యక్రమ పత్రంలో ఆ చోట చప్పట్లు అని రాసి ఉంది కాబట్టి మేమందరం చప్పట్లు కొట్టాం.

సభ ముగిసింది. కుర్చీలు నిండటానికి ఫ్యాక్టరీ బస్సులో తెచ్చినవాళ్లలో గంగులప్ప కూడా ఉన్నాడు. నీలం చొక్కాతోనే వంగి, కుర్చీల కింద మేము వదిలేసిన సీసాలు ఒక్కొక్కటీ ఏరి సంచీలో వేసుకుంటున్నాడు. మేనేజరు పరుగెత్తుకొచ్చి, అవి పారేసినట్టు ఇంకా నమోదు కాలేదు, ముట్టుకోవద్దని సంచీ లాక్కున్నాడు. గంగులప్ప లేచి మా వైపు చూశాడు. ఇవి మావే, మేమే పారేశామని ఒక్కరు చెప్పినా చాలు. అందులో నావి రెండున్నాయి. మదనపల్లె బస్సు కదులుతోందని నేను గబగబా వెళ్లి ఎక్కేశాను.