చిట్టితల్లిగారు కరవలేదు

జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల గురించి ప్రజలకు తేలికమాటల్లో వివరించే బృహత్కార్యాన్ని ప్రభుత్వం చేపట్టినందుకు ముందుగా మనమందరం సంతోషించాలి. ఇంతకాలం ఆ సంగతులన్నీ శాస్త్రజ్ఞుల భాషలో ఉండేవి కనుక జనం తెలియక చచ్చిపోయేవారు. ఇకమీదట తెలిసి చచ్చిపోయే సౌకర్యం కలిగింది.

ఈ పని కోసం ఆరోగ్యశాఖలో సరళభాషాధికారి అనే కొత్త పదవిని సృష్టించి, అందులో ఒక నడివయసు మనిషిని కూర్చోబెట్టారు. నెమ్మదస్తుడు. ఎంత గడ్డు విషయాన్నయినా ఇంటావిడ కూరలు తరుగుతుండగా ఆవిడకు చెప్పి, ఆవిడ "ఊఁ, అర్థమైంది" అన్నాకే కాగితం మీద పెట్టేవాడు. అలా ఆయన తయారుచేసిన పోస్టరు చాలా బాగుంది. కోళ్ళ వల్ల ఏం వస్తుందో, పచ్చిపాల వల్ల ఏం వస్తుందో, ఎలుకల వల్ల ఏం వస్తుందో ఒక్కో వాక్యంలో చెప్పేశాడు. కుక్కకాటు దగ్గర మాత్రం ఇంటావిడ పట్టుబట్టి మూడు రాయించింది. కరిస్తే వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగండి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక ఇక ఏ డాక్టరూ చేయగలిగింది లేదు.

పోస్టరు అర్థమయ్యేలా ఉందని పొక్కగానే అభ్యంతరాలు మొదలయ్యాయి. కోళ్ళ వ్యాపారుల సంఘం వారు కోడి బొమ్మ తీసేయమన్నారు. పాల వ్యాపారులు మరీ అంత కఠినంగా లేరు, 'పచ్చిపాలు' అన్నచోట 'పాలు' తీసేస్తే చాలన్నారు. 'పచ్చి' మిగిలింది. అది పచ్చి ఏమిటో చెప్పవలసిన బాధ్యత శాఖకు లేదని తీర్మానించారు. ఎలుకల తరఫున ఎవరూ రాలేదు కాబట్టి ఖాళీ అయిన చోటంతా వాటికే ఇచ్చి, ఎలుక బొమ్మను పందికొక్కంత చేశారు.

ఆ పోస్టరును ఆమోదం కోసం పట్టుకుని సరళభాషాధికారి శాఖ డైరెక్టరుగారి బంగళాకు వెళ్ళాడు. డైరెక్టరుగారికి ఒక కుక్క ఉంది. పేరు చిట్టితల్లి. శాఖలో దాన్ని 'అది' అన్నవాళ్ళెవరూ పైకి రాలేదు కాబట్టి మనం కూడా చిట్టితల్లిగారనే అందాం. ఆవిడ వరండాలో సోఫా మీద పడుకుని ఉన్నారు. లేచారు. వచ్చారు. సరళభాషాధికారి ఎడమ పిక్క గట్టిగా పట్టుకున్నారు. తిరిగి వెళ్ళి పడుకున్నారు. రక్తం చెప్పులోకి కారింది.

"చూశావుటయ్యా, కొత్తవాళ్ళ దగ్గర కూడా ఎంత చనువో!" అని డైరెక్టరుగారు మురిసిపోయారు.

"సార్... చిట్టితల్లిగారికి టీకా అదీ వేయించారా సార్?"

"మంచి ఇంట్లో పెరిగిన పిల్లకి టీకా ఏమిటయ్యా, చోద్యం కాకపోతే!"

ఇంటికి రాగానే ఇంటావిడ గుమ్మంలోనే పిక్క చూసింది. మారుమాట లేకుండా పెరట్లో కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి బట్టల సబ్బుతో కడగడం మొదలుపెట్టింది. "అబ్బా" అన్నాడాయన. "పావుగంట అని రాసింది మీరే కదా, కదలకండి" అంది ఆవిడ. ఆయనకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. తను రాసిన మూడో వాక్యం గుర్తొచ్చింది.

ఆ టీకా మందు ఊరు మొత్తానికి శాఖవారి ఆసుపత్రిలోనే దొరుకుతుంది. నర్సు ఫ్రిజ్ తెరిచి, మందు సీసా చేతిలోకి తీసుకుని, "ఎవరి కుక్కండీ?" అని అడిగింది. సరళభాషాధికారి కదా, సరళంగానే చెప్పాడు. నర్సు సీసాను ఎక్కడిదక్కడ పెట్టి ఫ్రిజ్ మూసేసింది.

"నేను టీకా వేశానంటే డైరెక్టరుగారి కుక్క కరిచిందని నేను ఒప్పుకున్నట్టే కదండీ. నాకూ పిల్లలున్నారు. ఆయనతో ఓ ముక్క రాయించుకు రండి, నిమిషంలో వేసేస్తాను."

డైరెక్టరుగారు న్యాయం తెలిసిన మనిషి. ఆ ముక్క రాసిమ్మని అడగగానే, మర్నాడే విచారణ సంఘం వేశారు. సంఘం బంగళాలోనే సమావేశమైంది. చిట్టితల్లిగారు సోఫాలో కూర్చున్నారు, సభ్యులు నిలబడ్డారు. సరళభాషాధికారి ప్యాంటు పైకి మడిచి పిక్క చూపించాడు. సభ్యులు మొదట గాయాన్ని, పిమ్మట చిట్టితల్లిగారి పలువరుసను పరిశీలించారు. పరిశీలన మరీ దగ్గరగా జరగడం వల్ల ఒక సభ్యుడి చూపుడువేలికి ఏదో జరిగింది. ఆయన ఆ చేతిని జేబులో పెట్టుకుని, "ఎంత ఆరోగ్యమైన పళ్ళు సార్!" అన్నాడు. మొహం మాత్రం పాలిపోయింది.

నివేదిక అరగంటలో వచ్చింది. "సదరు అధికారి కాలు చిట్టితల్లిగారి నోటియందు కొంతసేపు ఉండిన మాట వాస్తవమే. అయితే కాలు బంగళాకు వచ్చినదే గాని, నోరు ఆఫీసుకు పోలేదు. కావున దీనిని కాటుగా పరిగణించుటకు వీలులేదు. సదరు కాలు ఇకమీదట తగు జాగ్రత్త వహించవలెను." కాటే లేనప్పుడు కాటు గురించి పోస్టరులో మూడు వాక్యాలెందుకని వాటిని కూడా కొట్టేశారు. ఎలుక ఇంకాస్త పెరిగింది.

ఇంటికి వచ్చి చెబితే ఇంటావిడ తరుగుతున్న కూర పక్కకు నెట్టేసింది.

"మీ డైరెక్టరు ఉద్యోగం తీసేస్తే ఇంకోటి వెతుక్కుందాం. మీరే పోతే నేనెక్కడ వెతుక్కోనండీ?"

ఆ మాటతో ఆయనకు బుర్ర పనిచేసింది. మర్నాడు అవగాహన సభ ఉంది. ప్రజలకు సూదిమందు అంటే ఉన్న భయం పోగొట్టడానికి ఒక అధికారి వేదిక మీదే టీకా వేయించుకుంటారని కార్యక్రమంలో ఒక ముక్క చేర్చాడు. ఆ అధికారి ఎవరో వేరే చెప్పనక్కరలేదు. ఇంటావిడ పొట్టిచేతుల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, తనూ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

సభ దివ్యంగా జరిగింది. డైరెక్టరుగారు గంభీరంగా ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా! జంతువులు మానవజాతికి ఎంతో ఇచ్చాయి. ఇచ్చినదాన్ని తప్పుపట్టడం సంస్కారం కాదు. జబ్బులు ఎక్కడినుంచి వస్తాయి? ఎలుకల నుంచి! ఇంకెక్కడినుంచో వస్తున్నాయని ఎవరైనా అంటే, వారు ఎలుకల మనుషులని గ్రహించండి!" జనం గ్రహించారు. నర్సు సూది పట్టుకుని వేదిక ఎక్కింది. సరళభాషాధికారి లేచి చేయి చాపాడు. ప్రాణం లేచివచ్చినట్టయింది పాపం. సరిగ్గా అప్పుడే కెమెరాలు ముందుకు జరిగాయి. వాటిని చూడగానే డైరెక్టరుగారిలో త్యాగబుద్ధి మేల్కొంది.

"ఆగమ్మా! ప్రజల కోసం ఆ నొప్పేదో నన్నే పడనీ!" అని ఆయన కోటు విప్పేశారు.

సభకు తెచ్చింది ఆ ఒక్క సూదే. ఏ కుక్కా కరవని మనిషికి టీకా పడింది. హాలు దద్దరిల్లింది. సరళభాషాధికారి చాపిన చేతిని వెనక్కి తీసుకోవడం బాగుండదని రెండో చేయి కూడా చాపి చప్పట్లు కొట్టాడు.

సభ ముగియగానే ఇంటావిడ ఆయన్ను రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడ వరండా బల్ల మీద విచారణ సంఘం సభ్యుడు వేలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన డైరెక్టరుగారి డ్రైవరు, ఆ పక్కన తోటమాలి, ఆ పక్కన ఆఫీసు సూపరింటెండెంటు. ఎవరికీ ఎవరూ కనబడటం లేదు. అందరూ గోడ మీది పోస్టరులో ఎలుకను శ్రద్ధగా చూస్తున్నారు. నర్సు ఒక్కొక్కరినే పిలుస్తోంది.

"ఏ కుక్కండీ?"

"వీధి కుక్క."

సూది పడింది.

"ఏ కుక్క?"

"వీధి కుక్కే."

మళ్ళీ సూది పడింది. ఈ లెక్కలు చూసే, పట్టణంలో వీధి కుక్కల బెడద మితిమీరిపోయిందని పత్రికలు ఏటా ఆందోళన వ్యక్తం చేస్తున్నాయి.

సరళభాషాధికారి వంతు వచ్చింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇంటావిడ వైపు చూశాడు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"వీధి కుక్కేనమ్మా."

"ఆ ముక్క మొదటిరోజే అంటే సరిపోయేది కదండీ" అంది నర్సు చనువుగా, మందు ఎక్కిస్తూ. "ఏ వీధి? కుక్కల్ని పట్టే వలబండి పంపాలి. ఏదో ఒకటి చెప్పండి."

తన వీధి పేరు చెప్పడానికి ఆయనకు మనసు రాలేదు. తనకు తెలిసిన వీధులన్నీ ముందువాళ్ళు చెప్పేశారు. ఆయన కళ్ళు మూసుకుని మీ వీధి పేరు చెప్పాడు.

మనిషి బతికాడు. తర్వాతి సూదులు కూడా ఇబ్బంది లేకుండా పడ్డాయి. ఆయన్ను తప్పుపట్టకండి, ఇంటావిడను అసలే పట్టకండి.

మొన్న పొద్దున మీ వీధిలోకి వలబండి వచ్చింది. మీరు మేడ మీద నిలబడి చూశారు. మీ గుమ్మం ముందు పడుకునే కుక్క, మీ పిల్లలు తోక పట్టుకు లాగినా ఏనాడూ పన్ను చూపని కుక్క, వలలోంచి మీవైపే చూసింది. అది ఎవరినీ కరవలేదని మీకు తెలుసు. గబగబా రెండు మెట్లు దిగారు కూడా. ఇంతలో బండి మీద డైరెక్టరుగారి ఫోటో కనబడింది. దిగిన రెండు మెట్లూ మళ్ళీ ఎక్కేశారు.