సత్యవాణి చెట్లకు తెగులు

పక్కవీధి ముత్యాలు శుక్రవారం మస్కట్ బయలుదేరేలోగా కార్డు పూర్తి చేసేయాలని సత్యవాణి పొద్దున్నే రంగుల డబ్బా ముందేసుకు కూర్చుంది. మస్కట్‌లో పనిచేస్తున్న భర్త బుజ్జిబాబుకు ఆ కార్డు చేరాలి. పైన కాలవగట్టున ఒరిగిన రెండు కొబ్బరిచెట్లు, లోపల "ఎప్పుడొస్తారు?" అన్న ఒక్క ప్రశ్న. ఫోన్లో అడిగినప్పుడల్లా "మేనేజరు సెలవివ్వటం లేదు" అనే జవాబు వస్తోంది. కాగితం మీద చూస్తేనైనా అతను గట్టిగా అడుగుతాడేమోనని ఆమె ఆశ. అతను లేని ఇంట్లో అన్నం వండుకోవడం కూడా ఆమెకు దండగలాగే ఉంది.

అయితే రంగుల్లో కొబ్బరిచెట్టు ఓ పట్టాన నిలబడదు. ఆకుపచ్చ ఆరకముందే గోధుమరంగు తగిలించేసరికి మొత్తం కారిపోయింది. ఉసూరుమంటూ అమలాపురం నుంచి ఫోన్లో బొమ్మలు నేర్పే మాధవీలతకు మొరపెట్టుకుంది.

"చెట్టు పోయిందండీ! మొవ్వంతా నల్లబడిపోయింది. పక్కచెట్టుక్కూడా పాకేసింది. ఇంక రెండూ తీసి పారెయ్యాల్సిందే!"

వీధరుగు మీద కాఫీ తాగుతున్న బావగారు పెద్దిరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెట్టు నడినెత్తిన ఉండే మొవ్వు కుళ్ళితే ఇక ఆ చెట్టు బతకదు. తన వాటా చెట్లు నిన్ననే చూసుకున్నాడు కాబట్టి, పోయినవి తమ్ముడి వాటావే అయివుండాలని తేల్చేశాడు. ముందు ఫోను చేసి తర్వాత ఆలోచించడం ఆయన పద్ధతి.

"ఒరే తమ్ముడూ, నీ చెట్లకి మొవ్వుకుళ్ళొచ్చిందిరా! మరదలు కళ్ళారా చూసింది!"

"అది కాదు బావగారండీ, అది బొమ్మ..."

"నువ్వు బెంగపెట్టుకోకమ్మా, నేనున్నాగా!" అంటూ ఆయన కొబ్బరి దింపే గంగరాజు కోసం పరుగెత్తాడు.

గంగరాజు ఎక్కి చూసి దిగాడు. "మొవ్వులు నిక్షేపంలా ఉన్నాయండి."

"పైకలాగే ఉంటుందిరా. లోపల్నుంచి తినేస్తుంది."

"ఆయ్" అన్నాడు గంగరాజు. పెద్దవాళ్ళతో వాదన ఎందుకు? పెద్దిరాజు తెగులుకు మందని తమ్ముడి చెట్లకు ఉప్పు పోయించాడు. మధ్యాహ్నానికి ఊళ్ళో సగంమంది తమ చెట్ల మొదళ్ళలో ఉప్పు పోస్తున్నారు. కొట్లో ఉప్పు అయిపోయింది.

అంతలో బుజ్జిబాబు ఫోను.

"వాణీ, చెట్ల ఫొటో ఒకటి పంపు. మేనేజరుకి చూపించాలి. ఆయనది కేరళ."

"ఏవండీ, అసలు సంగతేంటంటే..." అని ఆగింది. "చూస్తే సెలవిస్తారా?"

"ఇవ్వొచ్చు."

కిటికీలోంచి చెట్లు పచ్చగా ఊగుతున్నాయి. బల్ల మీద బొమ్మ భోరున ఏడుస్తున్నట్టుంది. సత్యవాణి ఫోను బల్లవైపే తిప్పింది.

కొబ్బరితోటల మధ్య పుట్టిపెరిగిన ఆ మేనేజరు ఫొటో చూసి తల పట్టుకున్నాడు. ఇంత ఘోరమైన తెగులు తమవైపు కూడా చూడలేదని చెప్పి, అప్పటికప్పుడు నెల సెలవు రాసిచ్చేశాడు.

బుజ్జిబాబు దిగీ దిగగానే పెద్దిరాజు తోటకు లాక్కుపోయాడు. చెట్లన్నీ కళకళలాడుతున్నాయి.

"చూశావా, ఉప్పు ఎలా పనిచేసిందో!" అన్నాడు పెద్దిరాజు గర్వంగా.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటున్న భర్తకు తువ్వాలు అందిస్తూ సత్యవాణి తల దించుకుంది.

"తిట్టకండి. ఆ ఫొటోలోవి చెట్లు కాదండీ, నే వేసిన బొమ్మ."

"తెలుసులే. మూలని బ్రష్షు కనపడింది."

"మరెలా వచ్చేరు?"

"ఆ మూల కత్తిరించి చూపించేను" అన్నాడు మొహం తుడుచుకుంటూ. "నీకొక్కదానికే బెంగనుకున్నావా?"

ఆ మాటకు ఆమె నవ్వబోయి ఏడ్చేసింది.

నెల తిరిగాక అతన్ని బస్సెక్కించి వచ్చిన సత్యవాణి, ఆ సాయంత్రమే మాధవీలతకు ఫోను చేసి, మొవ్వుకుళ్ళు సహజంగా రావాలంటే ఏ రంగులు కలపాలో అడిగింది.