పోలిక బృందంలో అమ్మ

స్నానం చేసి గదిలోంచి క్షేమంగా బయటికి రావడమనేది ఇక మనిషికే వదిలిపెట్టదగిన విషయం కాదని విజ్ఞానలోకం తీర్మానించి పదకొండేళ్లయింది. ఆ బాధ్యతను డిజైన్ శాఖలోని ఒక సహాచార్యుడు స్వీకరించాడు. ఆరోగ్యం, శ్రేయస్సుల కోసం మనిషిని కేంద్రంగా పెట్టుకునే డిజైన్ ఆయన ప్రత్యేక రంగం. (మనిషిని కేంద్రంలో పెట్టడమంటే అతని చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చోవడమని శాఖలో స్థిరమైన అభిప్రాయం.)

వృద్ధులు పట్టుకుని లేవడానికి స్నానాల గది గోడకు ఒక కడ్డీ ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఈ పదకొండేళ్లలో పద్నాలుగు పరిశోధన పత్రాలూ, గోడ నిండా పసుపు చీటీలూ వెలువడ్డాయి. కడ్డీ మాత్రం తొందరపడలేదు.

చివరికి ఆచార్య పదవికి ఒక అధ్యయనం తప్పనిసరి అయింది. నలభైమంది వృద్ధుల్లో సగం మందికి కడ్డీ బిగిస్తారు. మిగతా సగానికి ఏమీ బిగించరు. వీరిది పోలిక బృందం. నలభయ్యో మనిషి ఎంతకీ దొరక్కపోవడంతో ఆయన ఇంట్లో ఉన్న అమ్మ చేత సంతకం పెట్టించాడు. (బంధుత్వం ఏమైనా ఉందా అని, పరిశోధనలకు అనుమతిచ్చే నైతిక సంఘం అడిగిన చోట "పరిచయం ఉంది" అని రాశాడు.) కంప్యూటరు చీటీ తీసి అమ్మను పోలిక బృందంలో వేసింది.

"ఒరేయ్, ఆ కడ్డీ ఎప్పుడు పెట్టిస్తావు? బకెట్టు పట్టుకుని లేస్తున్నాను. నిన్న అది కూడా నాతోపాటే లేచింది."

"రెండేళ్లు ఓపిక పట్టమ్మా. కడ్డీ లేనివాళ్లు ఎలా ఉంటారో నీ వల్లే తెలియాలి."

"ఎలా ఉంటామో నేను చెబుతాగా. రాసుకో."

"నువ్వు నాకు చెబితే అది కబురు. మా ఉద్యోగిని వచ్చి అడిగితే సమాచారం."

ఉద్యోగిని నెలనెలా వచ్చి అడిగేది. "స్నానాల గదిలో మీ భయాన్ని ఒకటి నుంచి ఏడు దాకా ఒక అంకెలో చెప్పండి."

"ఎనిమిది."

"ఎనిమిది లేదండీ."

"నాకుంది."

ఆమె కాసేపు ఆలోచించి ఏడు వేసుకుంది.

సహాచార్యుడి భార్య ఈ శాస్త్రానికి బయటి మనిషి. భర్త "వృద్ధుల మాట వినడం" అనే అంశంపై ప్రసంగించడానికి సదస్సుకు వెళ్లిన రోజున ఆమె ప్లంబరును పిలిచింది. "ఏ చేత్తో పట్టుకుని లేస్తారమ్మా?" అని ప్లంబరు అడిగాడు. (ఈ ప్రశ్న రెండో దశ ప్రశ్నావళిలో ఉంది. రెండో దశకు అనుమతి రావలసి ఉంది.) కుడిచెయ్యి అని చెప్పించుకుని, అరగంటలో కడ్డీ బిగించి వెళ్లిపోయాడు.

సదస్సు నుంచి వచ్చిన భర్త గోడ చూసి కూలబడ్డాడు. "ఎవరు చేశారీ పని?"

"నేనే. అత్తయ్య పడిపోతారని."

"పడిపోకూడదని నాకు మాత్రం లేదా? కానీ ఇప్పుడు పడకపోతే, ఎందుకు పడలేదో ఎలా తెలుస్తుంది?"

నలభయ్యో నంబరును అధ్యయనం నుంచి తొలగించక తప్పలేదు. తొలగింపు ఫారంలో కారణానికి మూడు గడులున్నాయి: ఊరు మారడం, ఆసక్తి పోవడం, మరణం. సమస్య తీరిపోవడమనే గడి లేదు. (శాఖ చరిత్రలో దాని అవసరం పడలేదు.)

"ఖాళీగా వదిలితే కంప్యూటరు తీసుకోదు సార్. ఊరు మారారా?" అన్నాడు గుమాస్తా.

"లేదు."

"ఆసక్తి పోయిందా?"

"లేదు. ఈమధ్య మరీ హుషారుగా ఉంది."

"అయితే ఇక మిగిలింది ఒకటే కదండీ," అని గుమాస్తా మూడో గడిలో టిక్కు పెట్టాడు.

మూడు వారాలకు ఇంటికి సంతాప లేఖ వచ్చింది. అధ్యయన అధిపతి హోదాలో కింద సంతకం కొడుకుదే. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"బాగానే రాశావు. నంబరు బదులు నా పేరు వేయాల్సింది."

"పేర్లు వేయకూడదమ్మా. గోప్యత."

ఫలితాలు నిర్ణీత కాలానికి వెలువడ్డాయి. కడ్డీ ఉన్న బృందంలో మరణాలు సున్నా. లేని బృందంలో ఒకటి. కడ్డీ ప్రాణాలు కాపాడుతుందని మొదటిసారిగా శాస్త్రీయంగా రుజువైంది. ఆయన ఆచార్యుడయ్యాడు.

అభినందన సభలో నూతన ఆచార్యుడు నలభయ్యో నంబరుకు కృతజ్ఞతలు చెప్పాడు. ఆమె స్మృతికి అందరూ లేచి ఒక నిమిషం మౌనం పాటించారు. ముందు వరుసలో కూర్చున్న అమ్మ కూడా లేచింది. పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేనందువల్ల, ఆమె నిలబడేసరికి నిమిషం అయిపోయింది.