గురువారం కామెర్లు

ఆ గురువారం పొద్దున ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: పొయ్యి దగ్గర సుజాత, వాకిట్లో మంచం మీద ఆమె అత్త ఎర్రమ్మ, దసరా సెలవులు కాబట్టి చేట పట్టుకుని కందిపప్పు చెరుగుతున్న కూతురు దుర్గ, గంప కింద పొదుగుతున్న కోడి. సుజాత భర్త సీతయ్య కూడా ఉన్నాడు. కాకపోతే కొన్నాళ్ళుగా ఆయన్ని ఉన్నవాళ్ళలో లెక్కవేయాలో వద్దో ఇంట్లో ఎవరికీ తెలియడం లేదు.

పోయినేడు పత్తికి పురుగు పట్టి చేను మొత్తం పోయినప్పటి నుంచి సీతయ్యకు నిద్ర లేదు. గట్టు మీద కూర్చుంటే చీకటి పడేదాకా లేవడు. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ప్రాణం పోతుందేమోనని గోడ పట్టుకుంటాడు. ఖమ్మంలో గుండె డాక్టరు అన్నీ చూసి, గుండె బాగానే ఉందని చెప్పి మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. ఆయన సూది వేయలేదు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాడు. దడ వచ్చినప్పుడు పొట్ట మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పాడు. మధ్యలో మానవద్దని, ప్రతి గురువారం రమ్మని చెప్పాడు. అలా కొన్ని గురువారాలు వెళ్ళొచ్చాక సీతయ్య కాస్త కునుకు తీస్తున్నాడు. మొన్న కూరలో ఉప్పెక్కువైందని విసుక్కున్నాడు కూడా. నెలల తర్వాత మొగుడు ఉప్పు సంగతి పట్టించుకున్నందుకు సుజాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది.

అయితే సీతయ్య ఒక్క షరతు పెట్టాడు. "పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్ననని ఊళ్ళె తెలిసిందా, మళ్ళ పోను."

అందుకని, "ఖమ్మంల ఏముందే, వాడు వారం వారం ఉరుకుతుండు?" అని ఎర్రమ్మ అడిగేసరికి సుజాత అప్పుడే పప్పులో పసుపు వేసి పచ్చబడిన చేతి వంక చూసుకుంది.

"కామెర్లత్తా. పచ్చకామెర్లు."

ఇంకే జబ్బు పేరు చెప్పినా సరిపోయేది. జూలూరుపాడు చుట్టుపక్కల కామెర్లకు మందు తెలియని ఇల్లు లేదు. మందు తెలిసినవాళ్ళు ఇవ్వకుండా ఊరుకోరు. ఎర్రమ్మకు మోకాళ్ళ నొప్పులు, పది అడుగులు వేస్తే కూలబడుతుంది. అలాంటిది సీతయ్య స్నానం ముగించేలోపు బజారు చివరిదాకా వెళ్ళి వచ్చింది.

ముందుగా కిరాణా కొట్టు తుల్సీరాం కామెర్లకని నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తెచ్చాడు. సీతయ్య భార్య వంక చూశాడు. భార్య పొయ్యి వంక చూసింది. విషయం అర్థమై, కాదంటే అసలు సంగతి చెప్పాల్సి వస్తుందని గ్లాసు ఎత్తి తాగేశాడు. వెనకే చెరుకు రసం వచ్చింది, ముల్లంగి ఆకు రసం వచ్చింది. బస్సుకు ఇంకా సమయం ఉందని సీతయ్య అన్నీ మింగాడు.

అంతలో సీతయ్య అన్న జంపయ్య దిగాడు. మీసం ఉన్నవాడికి దిగులెందుకని అందరికీ చెప్పే మనిషి. గూడెం నుంచి పసరు వైద్యుడు హేమ్లాను సైకిల్ మీద ఎక్కించుకొచ్చాడు. హేమ్లా దోసిట్లో పసరు పోసి తాగించి, మూతి తుడుచుకోనిచ్చి, అప్పుడు చెప్పాడు.

"పొద్దుగూకేదాక బండెక్కొద్దు. కుదుపుకు మందు దిగిపోతది."

"బస్సు?" అంది సుజాత.

"బస్సు బండి కాదా?" అన్నాడు జంపయ్య. తమ్ముడు కదలకుండా గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు. ఖమ్మం బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. సీతయ్య ముఖంలో మళ్ళీ ఆ గట్టు మీది చూపు కనిపించింది. దుర్గ చేటలోని రాళ్ళను పప్పులోనే వదిలేసింది.

పథ్యమని జంపయ్య ఉప్పు, కారం, నూనె మాన్పించాడు. ఇల్లంతటికీ ఒకటే వంట కాబట్టి అందరికీ మాన్పించాడు. మధ్యాహ్నానికి నర్సు రాజ్యశ్రీ వచ్చింది. కామెర్లంటే నీళ్ళలోనే ఏదో ఉందని ఊరి బావిలో బ్లీచింగ్ పౌడరు కుమ్మరించింది. ఆ నీళ్ళతో కాచిన టీ తాగలేక ఊరంతా తిట్టుకుంటూ సీతయ్య వాకిట్లోకి చేరింది. చేరినవాళ్ళందరినీ వరసలో నిలబెట్టి రాజ్యశ్రీ కళ్ళు చూసింది. ఒక్కరివీ పచ్చగా లేవు. చివరికి సీతయ్య కింది రెప్ప లాగి చూసింది.

"ఈయనకు కామెర్లెక్కడివి? మల్లెపువ్వు లెక్క తెల్లగున్నయి కళ్ళు. ఎవరు చెప్పిండ్రు?"

వాకిలంతా ఎర్రమ్మ వంక చూసింది. ఎర్రమ్మ కోడలి వంక చూసింది. బ్లీచింగ్ టీ తాగిన జనం తనను ఏమంటారోనన్న భయం కంటే, ఇక మొగుడు ఖమ్మం మానేస్తాడన్న భయమే సుజాతకు ఎక్కువగా ఉంది.

సీతయ్యకు దడ మొదలైంది. నుదుటి మీద చెమట పట్టింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఒకసారి, ఇంకోసారి నెమ్మదిగా ఊపిరి వదిలాడు. మందు పని చేస్తోందని హేమ్లా పక్కవాడితో గుసగుసలాడాడు.

"దాన్నేమనకుండ్రి," అన్నాడు సీతయ్య. "నేనే చెప్పొద్దన్న. నాకు కామెర్లు లేవు. మనసు బాగలేదు. నిద్ర రాదు, ఉత్తగనే భయమైతది. దానికి డాక్టరున్నడు. ఆయనతోని మాట్లాడనీకి పోతున్న."

"మాట్లాడనీకి ఖమ్మం దాక పోవుడేందిరా?" అన్నాడు జంపయ్య. "మేమంత ఈడ లేమా?"

"ఉన్నరన్నా. మీరు మాట్లాడతరు. ఆయన వింటడు."

జంపయ్య మీసం సవరించుకుని గుమ్మంలోని మంచం పక్కకు జరిపాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఊళ్ళో తలెత్తుకోలేమని ఎర్రమ్మ ముక్కు చీదింది. సీతయ్య మాత్రం మధ్యాహ్నపు కూడు ముందు కూర్చుని, ఉప్పు వేయమని అడిగి, పెట్టినదంతా తిన్నాడు.

సాయంత్రం తుల్సీరాం ఖాళీ గ్లాసు కోసమని వచ్చాడు. గ్లాసు తీసుకున్నాక కూడా వెళ్ళలేదు. "ఆ డాక్టరు, కామెర్లకు... గురువారమే చూస్తడా?" అన్నాడు చూరు వంక చూస్తూ. తనకూ ఈ మధ్య కళ్ళు కొంచెం పచ్చగా ఉన్నట్టు, తెల్లవారుజాము దాకా మూతపడనట్టు అనిపిస్తోందట. సీతయ్య బస్సు వేళ చెప్పాడు. అతను వెళ్ళాక, మధ్యాహ్నం వరసలో నిలబడి తెల్ల కళ్ళు చూపించుకుని పోయినవాళ్ళలో ఇంకొందరు మగవాళ్ళు కామెర్ల గురించి కనుక్కుని పోయారు. ఎవరికి వారే, పెరటి దారిన వచ్చి.

దీపం పెట్టే వేళకు జంపయ్య వచ్చాడు. వచ్చినవాడు తమ్ముడి పక్కన కూర్చుని మాట్లాడకుండా చేతులు నలుపుకున్నాడు. ఆ మనిషి నోరు మూసుకుని కూర్చోవడం దుర్గ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మజ్జిగ ఇచ్చే వంకతో గది గడపలోనే నిలబడిపోయింది. పెద్దనాయిన లేచి వచ్చి, చెంబు అందుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"నువ్ బయటికి పో బిడ్డా. మీ నాయినతోని కామెర్ల ముచ్చట ఉన్నది."

దుర్గ ముఖం మీదే తలుపు మూసుకుంది.

లోపల మొట్టమొదటిసారి పెద్దనాయిన మాట్లాడుతుంటే నాయిన వింటున్నాడు, డాక్టరు ఫీజు లేకుండా.